గడువు దాటిన 38వ రోజుకే మా డొమైన్‌ని వేలంలో అమ్మేశారు. ఇది న్యాయమేనా?

#1 గుంటమగ్గం (మంగళగిరి)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎప్పుడూ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. రెండు వారాలుగా సరిగ్గా నిద్ర పట్టడం లేదు. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది.

మాది చేనేత కుటుంబం. నాన్న ఇంట్లోనే గుంట మగ్గం మీద నేస్తారు. ఇంకో ఆరు ఇళ్ల వాళ్లు నేసిన చీరలు కూడా మేమే అమ్మి పెడతాం. 2014లో తమ్ముడు ఇంజినీరింగ్ చదువుతూ మా షాపు పేరు మీద ఒక డాట్ కామ్ డొమైన్ (సైటు అడ్రసు) కొని చిన్న సైటు కట్టాడు. అందులో పెద్ద హంగులేమీ లేవు. చీరల ఫోటోలు, ధరలు, నాన్న ఫోన్ నంబరు, అంతే. కానీ పదకొండేళ్లుగా హైదరాబాద్, బెంగళూరు, అమెరికా నుంచి ఆర్డర్లు దాని మీదే వస్తున్నాయి. ప్రతి చీరకీ కట్టే అట్ట ట్యాగు మీద ఒకవైపు నిజాం బోర్డరు బొమ్మ, రెండోవైపు ఆ సైటు పేరు, దాని కింద క్యూఆర్ కోడ్ ఉంటాయి. పోయిన సంక్రాంతికి ముందు 4,000 ట్యాగులు ప్రింట్ చేయించాం.

మార్చి 3న డొమైన్ గడువు అయిపోయింది. మాకు తెలియలేదు. మెయిల్స్ అన్నీ తమ్ముడి కాలేజీ మెయిల్‌కి వెళ్లాయట. ఆ మెయిల్ మూతపడి చాలా కాలమైంది. ఆటో రెన్యూవల్ పెట్టే ఉంది, కానీ డబ్బు కట్ అవలేదు. వారం, పది రోజులకి సైటు బదులు ఏవో ప్రకటనలు రావడం మొదలైంది. తమ్ముడు హూయిజ్‌లో (డొమైన్ వివరాలు, గడువు చూపించే రికార్డులో) చూస్తే గడువు 2026 మార్చి అని ఉంది. 'రెన్యూ అయిపోయిందక్కా, సర్వర్‌లో ఏదో తేడా' అన్నాడు. హోస్టింగ్ వాళ్ల (సైటుకి సర్వర్ ఇచ్చేవాళ్ల) చుట్టూ తిరగడంలోనే మూడు వారాలు పోయాయి.

ఏప్రిల్ 10న రిజిస్ట్రార్ (మాకు డొమైన్ అమ్మిన కంపెనీ) చాట్‌లో అడిగితే వచ్చిన జవాబు ఇది: డొమైన్ వేలంలో అమ్ముడైపోయింది, కొత్త ఓనరు పేరుకి మారిపోయింది, మేమేమీ చేయలేం. 312 డాలర్లకి పోయిందని తర్వాత తెలిసింది. రిజిస్ట్రార్ పేరు ఇక్కడ రాయను, గొడవ ఇంకా నడుస్తోంది.

మొన్న బెంగళూరు నుంచి పాత కస్టమర్ ఒకావిడ ఫోన్ చేశారు. 'అమ్మా, చీర ట్యాగు స్కాన్ చేస్తే బెట్టింగ్ సైటు వస్తోంది, మా అత్తగారు పక్కనే ఉన్నారు' అన్నారు. నాన్నకి ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నేను అడిగేది ఒకటే. మేం కట్టకపోవడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ దాదాపు 1,200 రూపాయలు కట్టలేదని పదకొండేళ్ల పేరుని మాకు చెప్పకుండా అమ్మి, ఆ డబ్బంతా వాళ్లే ఉంచుకోవడం న్యాయమా? గడువు దాటాక 30 రోజుల రిడెంప్షన్ (పాత ఓనరు డబ్బు కట్టి పేరు వెనక్కి తెచ్చుకునే అవకాశం) ఉంటుందని అన్ని చోట్లా రాస్తారే, మాకెందుకు రాలేదు?

#2 నెల్లూరు_హోస్టింగ్

గుంటమగ్గం గారూ, చదువుతుంటే చాలా బాధేసింది. నేను పద్నాలుగేళ్లుగా రీసెల్లర్‌గా డొమైన్లు అమ్ముతున్నాను. మీ ఆఖరి ప్రశ్నకి జవాబు చెప్తాను. ఎందుకంటే మాలో చాలామంది కస్టమర్లకి ఇది చెప్పరు.

మీరు విన్న 30 రోజుల రిడెంప్షన్ నిజమే. కానీ అది డొమైన్‌ని 'డిలీట్' చేసిన తర్వాతే మొదలవుతుంది. డాట్ కామ్‌కి నియమాల్లో రాసిన వరస ఇలా ఉంటుంది: గడువు, ఆ తర్వాత 45 రోజుల దాకా ఆటో రెన్యూ గ్రేస్ (గడువు దాటినా డొమైన్ బతికి ఉండే రోజులు), తర్వాత డిలీట్, అప్పుడు 30 రోజుల రిడెంప్షన్, ఆఖరున 5 రోజులు పెండింగ్ డిలీట్, ఆపైన ఎవరైనా కొనుక్కోవచ్చు.

ఇప్పుడు మంచి పేర్లు ఆ దారిన పోవు. రిజిస్ట్రార్ అసలు డిలీటే చేయడు. ఆ మొదటి 45 రోజుల్లోనే వేలం పెట్టి, గెలిచినవాళ్ల పేరు మీదికి మార్చేస్తాడు. రిజిస్ట్రీ (డాట్ కామ్ పేర్లన్నిటి అసలు జాబితా నడిపే సంస్థ) లెక్కలో డొమైన్ బతికే ఉంది, ఓనరు మాత్రమే మారాడు. అందుకే మీకు రిడెంప్షన్ అనే రోజే రాలేదు. మీరు టిక్ పెట్టిన అగ్రిమెంటులో 'గడువు దాటాక మూడో వ్యక్తికి బదిలీ చేయవచ్చు' అన్న లైను ఎక్కడో ఉంటుంది.

హూయిజ్‌లో 2026 కనిపించడం కూడా దీనివల్లే. గడువు రోజున డాట్ కామ్ రిజిస్ట్రీ అయిన వెరిసైన్ తనంతట తనే ఒక ఏడాది పొడిగించి ఆ డబ్బు రిజిస్ట్రార్ ఖాతాలోంచి తీసుకుంటుంది. 45 రోజుల్లోపు డిలీట్ చేస్తే ఆ డబ్బు వెనక్కి ఇస్తుంది. మీరు పైసా కట్టకపోయినా తేదీ మాత్రం ముందుకి జరుగుతుంది. స్టేటస్ వరసలో 'ఆటో రెన్యూ పీరియడ్' అని ఉందేమో చూడాలి. మీ తమ్ముడిది తెలివితక్కువతనం కాదు. నా దగ్గరికి వచ్చే ఇంజినీర్లు కూడా ఇదే చూసి మోసపోయారు.

#3 గుంటమగ్గం

అన్నా, మీరు రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. వాడు ఇన్నాళ్లూ తన వల్లే పోయిందని కుమిలిపోతున్నాడు. ఆ తేదీ సంగతి విన్నాక కాస్త తేరుకున్నాడు. చాలా థాంక్స్.

#4 సాగరతీరం (విశాఖ)

నేను ఈ వేలాల్లో కొనేవాణ్ని. నన్ను తిట్టుకునేవాళ్లు ఉంటారని తెలిసే రాస్తున్నాను, ఎందుకంటే రెండో వైపు కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

ముందుగా అక్కకి సానుభూతి. ఆ బెట్టింగ్ పని చేసినవాడిని నేను సమర్థించను. కానీ వేలమే అన్యాయం అనడం దగ్గర ఆగాలి. వేలం లేకపోతే ఏం జరుగుతుందో చూడండి. డిలీట్ అయిన పేరు మళ్లీ ఖాళీ అయిన క్షణంలో ఎవరి కంప్యూటరు ముందు అడిగితే వాళ్లది. మిల్లీసెకన్ల పోటీ. ఎక్కువ రిజిస్ట్రార్ లైసెన్సులు ఉన్నవాడికి రిజిస్ట్రీతో ఎక్కువ కనెక్షన్లు, ఎక్కువ కనెక్షన్లు ఉన్నవాడికే పేరు. 2016లో డ్రాప్‌క్యాచ్ (డిలీట్ అయిన పేర్లని పట్టే సైటు) నడిపే సంస్థ ఒక్కసారిగా ఇంకో 500 లైసెన్సులు తీసుకుంది. ఒక్కోదానికి ఐకాన్ (ప్రపంచమంతా డొమైన్ల నియమాలు పెట్టే సంస్థ) దరఖాస్తు రుసుమే 3,500 డాలర్లు. ఆ పోటీలో నాలాంటివాడు, అక్కలాంటివాళ్లు నిలబడగలరా? వేలంలో అయితే నేను విశాఖలో కూర్చుని 12 డాలర్లతో పాట మొదలుపెట్టగలను. ధర అందరికీ కనపడుతుంది.

ఇంకో మాట. అద్దె కట్టని షాపు ఎన్నాళ్లు ఖాళీగా ఉంచుతారు? డొమైన్ మనది కాదు, లీజుకి తీసుకున్నది. మున్సిపల్ కాంప్లెక్సులో లీజు అయిపోయిన షాపుకి మళ్లీ వేలం పెడితే పాత అద్దెదారుకి వాటా ఇస్తారా?

#5 పాత_బ్లాగరు

సాగరతీరం గారూ, షాపు ఖాళీ చేయిస్తే సామాను ఇచ్చి పంపిస్తారు. బోర్డు పీకేసుకుని వెళ్తాం. ఇక్కడ బోర్డుతో సహా అమ్మేస్తున్నారు. కొత్తవాడికి అమ్ముడుపోయేదే ఆ బోర్డు. ఆ 312 డాలర్లు ఎవరి పదకొండేళ్ల కష్టం?

#6 సాగరతీరం

ఒప్పుకుంటాను, అది సరైన ప్రశ్నే. నేను కొనేటప్పుడు చూసేది కూడా అవే: పేరు వయసు ఎంత, ఎన్ని సైట్ల నుంచి లింకులు ఉన్నాయి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో (పాత సైట్ల పేజీలు దాచే చోట) పాత పేజీలు ఎలా ఉన్నాయి. డిలీట్ అయి మళ్లీ రిజిస్టర్ అయితే పుట్టిన తేదీ కొత్తది అవుతుంది. వేలంలో మారితే పాత తేదీ అలాగే ఉంటుంది, అందుకే ఎక్కువ ధర పలుకుతుంది.

#7 లాపాయింట్ (హన్మకొండ)

నాకు మున్సిపల్ షాపు పోలిక కంటే బంగారం తాకట్టు పోలిక సరిగ్గా ఉంటుందనిపిస్తోంది. మనందరి ఇళ్లలో తెలిసిన విషయమే. వడ్డీ కట్టలేక గొలుసు వేలానికి పోతే ఏం జరగాలి? ముందు నోటీసు ఇవ్వాలి. బంగారం మీద అప్పిచ్చే కంపెనీలు వేలం గురించి కనీసం రెండు పేపర్లలో ప్రకటన వేయాలి, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి అన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. వేలంలో వచ్చిన డబ్బులో బాకీ పోను మిగిలింది తాకట్టు పెట్టినవాళ్లకి తిరిగి ఇవ్వాలి. అది కంపెనీ లాభం కాదు.

ఇక్కడ బాకీ 1,200 రూపాయలు. పాట 312 డాలర్లు. మిగిలింది ఎవరికి పోయింది? గొలుసు విషయంలో మనం ఒప్పుకోని పని డొమైన్ విషయంలో ఎందుకు ఒప్పుకోవాలి?

డొమైన్ ఆస్తి కాదు, లీజే అంటారు. కావచ్చు. కానీ మన సుప్రీంకోర్టు 2004లోనే సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ సొల్యూషన్స్ కేసులో చెప్పింది. డొమైన్ పేరు వట్టి అడ్రసు కాదు, వ్యాపారాన్ని గుర్తుపట్టే పేరు, కాబట్టి ట్రేడ్‌మార్కుకి ఉండే రక్షణ దానికీ ఉంటుంది అని. మన సత్యం వాళ్ల కేసులోనే ఆ తీర్పు వచ్చింది.

గుంటమగ్గం గారూ, మీ ముందు మూడు దారులు ఉన్నాయి. ఒకటి, యూడీఆర్పీ, అంటే డొమైన్ వివాదాలని కోర్టు బయట తేల్చే పద్ధతి. డాట్ కామ్ వివాదాలకి వర్తిస్తుంది. వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ) దగ్గర ఒక సభ్యుడి ప్యానెల్‌కి 1,500 డాలర్లు అవుతుంది. పేరు మీద మీకు హక్కు ఉందని, అవతలివాడికి న్యాయమైన ప్రయోజనం లేదని, దురుద్దేశంతోనే తీసుకుని వాడుతున్నాడని నిరూపించాలి. ట్రేడ్‌మార్కు రిజిస్టర్ చేయకపోయినా పదకొండేళ్ల బిల్లులు, కొరియర్ రసీదులు, ట్యాగులు పనికొస్తాయి, ఏదీ పారేయకండి. రెండు, రిజిస్ట్రార్ నియమాలు పాటించలేదనిపిస్తే ఐకాన్‌లో నియమాల అమలు చూసే కంప్లయన్స్ విభాగానికి ఫిర్యాదు, దానికి ఖర్చు లేదు. మూడు, వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే వేయొచ్చు. 'వ్యాపారం కోసం కొన్నారు, మీరు వినియోగదారు కాదు' అని అవతలివాళ్లు వాదిస్తారు. స్వయం ఉపాధితో బతకడానికి కొన్నవాళ్లకి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. మీది అదే.

#8 పాత_బ్లాగరు

బంగారం పోలిక కన్నీళ్లు తెప్పించింది. మా అమ్మ నానుతాడు అలా పోయింది, మిగిలిన డబ్బు లెక్క చూసి చేతిలో పెట్టారు. కొద్దిగానే వచ్చింది గానీ లెక్క చెప్పారు.

నా సంగతి చెప్తాను. 2006 నుంచి తెలుగులో బ్లాగు రాశాను, 2008లో సొంత డొమైన్ తీసుకున్నాను. దాని మీద నాకు రూపాయి రాలేదు. పద్యాల మీద చర్చలు, వంటలు, ఊరి జ్ఞాపకాలు ఉండేవి. ఆ రోజుల్లో కామెంట్లు రాసే ఒక మిత్రుడు ఇప్పుడు లేరు. ఆయన ఛందస్సు గురించి రాసిన పొడుగాటి కామెంట్లు నా బ్లాగులో తప్ప ఇంకెక్కడా లేవు. నాకు గుండె ఆపరేషన్ అయి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో గడువు దాటింది. ఇంటికొచ్చి చూస్తే వేరే భాషలో జూదం పేజీ. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో 2009 నాటి కొన్ని పేజీలు దొరికాయి. ఆయన కామెంట్లు నలభైకి పైగా ఉండేవి, మూడే మిగిలాయి.

కష్టంలో ఉన్నవాడికి నెల రోజులు అంటే ఏ మూలకి? అందుకే నా పట్టుదల ఒక్కటే. రిడెంప్షన్ పూర్తయ్యే దాకా వేలం మొదలవకూడదు.

#9 డల్లాస్_బాబాయ్

అమెరికా నుంచి రాస్తున్నాను. మర్చిపోవడం చిన్నవాళ్లకే జరుగుతుందని అనుకోకండి. 1999 క్రిస్మస్ రోజుల్లో మైక్రోసాఫ్ట్ వాళ్లు పాస్‌పోర్ట్ డాట్ కామ్ రెన్యూ చేయడం మర్చిపోయారు. హాట్‌మెయిల్ లాగిన్ దాని మీదే నడిచేది. ఒక లైనక్స్ ప్రోగ్రామరు తన కార్డుతో 35 డాలర్లు కట్టి వాళ్ల పని నడిపించాడు. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు డల్లాస్ కౌబాయ్స్ సైటు కూడా 2010లో సీజన్ మధ్యలో గడువు దాటి ఆగిపోయింది.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం 2016 నాటి సంగతి. చెవులు వినపడనివాళ్లకి వీడియోలో సంజ్ఞల భాషతో ఫోన్ కాల్స్ కలిపే సోరెన్సన్ అనే సంస్థ డొమైన్ రెన్యూవల్ మర్చిపోయింది. ఆ వేళలో వాళ్ల కస్టమర్లు ఎమర్జెన్సీ నంబరు 911కి కూడా చేయలేకపోయారు. ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థతో రాజీలో జరిమానా, వెనక్కి కట్టింది కలిపి దాదాపు 30 లక్షల డాలర్లు సమర్పించుకున్నారు.

వాళ్లందరికీ పేర్లు తిరిగి దక్కాయి. లాయర్లు, ఫోన్ నంబర్లు, పలుకుబడి ఉన్నవాళ్లు కాబట్టి. గుంటమగ్గం అమ్మాయికి చాట్‌లో రెండు లైన్లు దక్కాయి. నియమం ఒకటే అయినా పడే దెబ్బ ఒకటి కాదు.

#10 కొత్తవాణ్ని

గూగుల్ వాళ్లు కూడా రెన్యూ చేయడం మర్చిపోతే మన ఇండియన్ ఎవరో 12 డాలర్లకి కొన్నాడు కదా బాబాయ్?

#11 డల్లాస్_బాబాయ్

అది 2015లో. గడువు దాటలేదు బాబూ. గూగుల్ సొంత డొమైన్ అమ్మకాల సైటులో ఏదో తేడా వల్ల ఖాళీగా ఉన్నట్టు చూపించింది. ఒక నిమిషంలో వెనక్కి తీసేసుకున్నారు. కొన్న గుజరాత్ కుర్రాడు బహుమతి డబ్బు సేవాసంస్థకి ఇచ్చేశాడు, గూగుల్ దాన్ని రెట్టింపు చేసింది. ఆ కథ ఈ చర్చకి సంబంధించింది కాదు.

#12 నెల్లూరు_హోస్టింగ్

ఆటో రెన్యూవల్ ఉన్నా డబ్బు ఎందుకు కట్ అవలేదో ఎవరూ అడగలేదు. మన దేశంలో పేర్లు పోవడానికి అదీ ఒక కారణం, కాబట్టి రాస్తున్నాను.

2021 అక్టోబరు 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ నియమం మారింది. కార్డు మీద ప్రతిసారీ దానంతట అదే డబ్బు కట్ అవ్వాలంటే ముందు ఓటీపీతో ఈ-మాండేట్ (ముందస్తు అనుమతి) నమోదు చేయాలి, కట్ అయ్యే 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలి. పరిమితి మొదట 5,000 రూపాయలు, 2022లో 15,000 చేశారు. మంచి నియమమే, మనకి తెలియకుండా డబ్బు పోకుండా ఆపింది. కానీ విదేశీ రిజిస్ట్రార్లు కొందరు ఈ ఏర్పాటు పెట్టుకోలేదు. వాళ్ల సైటులో 'ఆటో రెన్యూ ఆన్' అని పచ్చరంగులో వెలుగుతూనే ఉంటుంది, ఇక్కడ బ్యాంకు తిప్పి పంపేస్తుంది. ఆ పచ్చరంగు చూసి ధైర్యంగా కూర్చుంటాం.

గుంటమగ్గం గారూ, మీ బ్యాంకు మెసేజ్‌లలో మార్చి మొదట్లో 'డిక్లైన్డ్' అని ఏమైనా వచ్చిందా చూడండి. వచ్చి ఉంటే దాచుకోండి. డబ్బు తీసుకోవడానికి ప్రయత్నించి విఫలమైనప్పుడు ఒక్క ఎస్ఎంఎస్ పంపలేదని అడగడానికి పనికొస్తుంది.

ఇంకొకటి ఇది చదివే అందరికీ. డొమైన్ మీ పేరు మీద ఉందా, సైటు చేసిన కుర్రాడి పేరు మీద ఉందా? మన జిల్లాల్లో స్కూళ్లు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లవి సగానికి సగం డిజైనర్ మెయిల్ మీద ఉండటం నేనే చూశాను. ఆ కుర్రాడు హైదరాబాద్ ఉద్యోగానికి పోతాడు, నోటీసు అతని పాత మెయిల్లో పడి ఉంటుంది.

#13 గుంటమగ్గం

చూశాను అన్నా. మార్చి 1న నాన్న ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. నాన్న అది చదవలేదు. అలాంటివి రోజూ వస్తాయి, మోసం మెసేజ్‌లు ముట్టుకోవద్దని మేమే ఆయనకి చెప్పాం.

#14 లాపాయింట్

భాష సంగతి వచ్చింది కాబట్టి ఒక వివరం. ఐకాన్ నియమం ఒకటి 2013 ఆగస్టు 31 నుంచి అమలులో ఉంది, గడువు దాటిన రిజిస్ట్రేషన్ల గురించి. రిజిస్ట్రార్ మూడు నోటీసులు ఇవ్వాలి: గడువుకి సుమారు నెల ముందు ఒకటి, సుమారు వారం ముందు ఒకటి, గడువు దాటిన 5 రోజుల్లోపు ఇంకొకటి. అవి మనం లాగిన్ అయి వెతుక్కునేలా కాక, మన దగ్గరికే వచ్చేలా ఉండాలి. అయితే ఏ భాషలో? కనీసం అగ్రిమెంటు ఏ భాషలో ఉంటే ఆ భాషలో ఉంటే చాలు. తెలుగులో అగ్రిమెంటు ఇచ్చే రిజిస్ట్రారు నాకు ఇంతవరకు కనపడలేదు. ఒక మెయిల్ తిరిగి వచ్చేస్తే ఇంకో దారిలో చెప్పాలన్న ఒత్తిడి కూడా లేదు. మీ నాన్నగారి ఫోన్ నంబరు వాళ్ల రికార్డులో ఉంది కదా?

మరో అంశం. డిలీట్‌కి ముందు, మీరు ఇంకా రెన్యూ చేసుకోగలిగే రోజుల్లో కనీసం ఆఖరి 8 రోజులు సైటు పనిచేయకుండా ఆపాలి, ఓనరుకి తెలిసిరావాలని. ఆ రోజుల్లో వేరే పేజీ చూపిస్తే, డొమైన్ గడువు దాటిందని, ఎలా రెన్యూ చేసుకోవాలో ఆ పేజీ మీద స్పష్టంగా కనపడాలి. మీకు వచ్చిన ప్రకటనల పేజీ మీద అది ఉందా? స్క్రీన్‌షాట్ ఉందా?

#15 గుంటమగ్గం

ఉంది. మార్చి 14న తమ్ముడు హోస్టింగ్ వాళ్లకి పంపడానికి తీశాడు. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. పైన ఒక సన్నటి గీత మీద బూడిదరంగు అక్షరాల్లో ఒక్క లైను ఉంది, 'ఈ పేరు మీదే అయితే ఇక్కడ నొక్కండి' అన్న అర్థంతో. గడువు దాటింది అన్న మాట లేదు. దాని కింద పేజీ నిండా పెద్ద అక్షరాలతో పట్టుచీరలు, డిజైనర్ చీరలు, చీరల మీద 70 శాతం తగ్గింపు. అన్నీ వేరే కంపెనీల ప్రకటనలు. మా పేరు మీద, మా కస్టమర్లకి, వేరేవాళ్ల చీరలు చూపించారు.

#16 లాపాయింట్

అయితే ఆలస్యం చేయకండి. ఆ స్క్రీన్‌షాట్, తేదీ కనపడేలా, ఫిర్యాదుకి జతచేయండి. డొమైన్ వెనక్కి ఇప్పించే అధికారం ఐకాన్ వాళ్లకి లేదు, అది ముందే చెప్తున్నాను. కానీ నోటీసులు ఎప్పుడు, ఎక్కడికి పంపారో రికార్డులు చూపించమని రిజిస్ట్రార్‌ని అడుగుతారు.

#17 సాగరతీరం

రాత్రి ఇదంతా మళ్లీ చదివాను. నా అభిప్రాయం కొంత మారింది, ఎంత మారిందో సూటిగా రాస్తాను.

వేలాలు పూర్తిగా శుభ్రమైనవని నేనెప్పుడూ అనుకోలేదు. 2009లో స్నాప్‌నేమ్స్ అనే డొమైన్ వేలాల కంపెనీ వ్యవహారం మా వాళ్లందరికీ గుర్తే. వాళ్ల సొంత ఉద్యోగే 2005 నుంచి 'హాల్వరెజ్' అనే మారుపేరుతో పాటలో దూరి ధరలు పెంచాడని కంపెనీయే బయటపెట్టి, కొన్నవాళ్లకి వడ్డీతో తిరిగి ఇచ్చింది. కొనేవాడూ బలవుతాడు. నేను ఒకసారి 180 డాలర్లకి పాట గెలిచాను. అయిదు రోజులకి పాత ఓనరు వచ్చి రెన్యూ చేసుకున్నాడు, నా డబ్బు నాకొచ్చింది. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఓనరుకి ఇంకా హక్కు ఉన్న పేరుని నాకు అమ్మకానికి పెట్టడమే తప్పు అనిపిస్తోంది.

కాబట్టి పాత_బ్లాగరు గారి మాట ఒప్పుకుంటాను. ఓనరు గడువు పూర్తిగా అయ్యాకే వేలం మొదలవ్వాలి. నాకు నష్టం లేదు, నెల ఆగి కొంటాను. నెదర్లాండ్స్ డాట్ ఎన్ఎల్ పేర్లని రద్దయ్యాక 40 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. పాత ఓనరు తప్ప ఇంకెవరూ తీసుకోలేరు. అక్కడ వ్యాపారం ఆగిపోలేదు.

కానీ వాటా విషయంలో లాపాయింట్ గారితో ఇంకా ఏకీభవించలేను. తాకట్టు బంగారం ఎవరిదో రసీదు చెప్తుంది. డొమైన్ రికార్డులో సగం డిజైనర్ల పేర్లే అని నెల్లూరు అన్న ఇప్పుడే రాశారు. డబ్బు వాపసు అనగానే ఆ డిజైనరే వచ్చి తీసుకుంటాడు, అక్కకి ఏమీ రాదు.

#18 నెల్లూరు_హోస్టింగ్

అది నిజమైన చిక్కే. కానీ చిక్కుంది కాబట్టి డబ్బంతా రిజిస్ట్రార్ ఉంచుకోవాలనడం కుదరదు సాగరతీరం. రెన్యూవల్ డబ్బు ఎవరి కార్డు మీద, ఎవరి యూపీఐ మీద వచ్చిందో వాళ్ల దగ్గర పదేళ్ల లెక్క ఉంటుంది. అక్కడికే వెనక్కి పంపొచ్చు. వాపసు పోయిన పేమెంట్లు మా దగ్గర రోజూ అలాగే వెళ్తాయి.

అసలు జబ్బు వేరే ఉంది. డాట్ కామ్ ఒక్కటి అమ్మితే రిజిస్ట్రార్‌కి మిగిలేది చాలా తక్కువ. 2024 సెప్టెంబరులోనే వెరిసైన్‌కి కట్టాల్సింది 10.26 డాలర్లు అయింది. అదే పేరు గడువు దాటి వేలానికి పోతే వందలు, వేలు. అంటే కస్టమర్ రెన్యూ చేస్తే వచ్చేదానికంటే మర్చిపోతే వచ్చేదే ఎక్కువ. గుర్తుచేయాల్సినవాడికి మనం మర్చిపోవడమే లాభంగా ఉన్నప్పుడు మూడు మెయిల్స్ పంపి చేతులు దులుపుకుంటాడు, నాలుగోది ఎందుకు పంపుతాడు? మిగులు ఓనరుకి పోయేటట్టు చేస్తే ఆ రోజు నుంచి ఫోన్లు వాటంతట అవే మోగుతాయి.

నియమం మారిస్తే ఫలితం ఉంటుందా అనేవాళ్లకి ఒక ఉదాహరణ. ఒకప్పుడు డొమైన్ కొని 5 రోజుల్లోపు వాపసు చేస్తే డబ్బంతా తిరిగి వచ్చేది. లక్షల పేర్లు ఉచితంగా రుచి చూసి వదిలేసేవారు, టేస్టింగ్ అనేవాళ్లం. పరిమితికి మించిన వాపసులకి డబ్బు ఇవ్వకూడదని ఐకాన్ 2008, 2009ల్లో నియమం పెట్టింది. టేస్టింగ్ 99.7 శాతం తగ్గిపోయిందని ఐకానే ప్రకటించింది. ఎవరినీ బతిమాలలేదు, లాభం తీసేశారు, పని ఆగిపోయింది.

#19 సాగరతీరం

అన్నా, ఈ లెక్కకి నా దగ్గర జవాబు లేదు. ఆలోచిస్తాను.

#20 కొత్తవాణ్ని

పేరుతో పాటు పాత మెయిల్స్ కూడా కొత్తవాడికి వెళ్తాయా? మా అన్నయ్య క్లినిక్ మెయిల్ సొంత డొమైన్ మీదే ఉంది, ఇది చదివాక టెన్షన్ పట్టుకుంది.

#21 నెల్లూరు_హోస్టింగ్

పాతవి వెళ్లవు, అవి సర్వర్‌లో ఉంటాయి. కానీ అమ్ముడైన రోజు నుంచి ఆ అడ్రసుకి వచ్చే ప్రతి కొత్త మెయిల్ కొత్త ఓనరు కావాలనుకుంటే చదవగలడు. పేషెంట్ల రిపోర్టులు, బ్యాంకు మెసేజ్‌లు, పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు కూడా. గుంటమగ్గం గారూ, ఆ డొమైన్ మెయిల్‌తో ఎక్కడైనా లాగిన్లు ఉంటే ఈ రాత్రే మార్చేయండి. కొత్తవాణ్ని తమ్ముడూ, మీ అన్నయ్యది గడువు ఎప్పుడో ఇప్పుడే చూసి, ఒకేసారి పదేళ్లకి కట్టేయమను. అంతకు మించి కుదరదు.

#22 గుంటమగ్గం

మార్చేశాం అన్నా. జీఎస్టీ లాగిన్, కొరియర్ ఖాతా రెండూ ఆ మెయిల్ మీదే ఉన్నాయి, మీరు చెప్పకపోతే మాకు తట్టేది కాదు.

మిగతా సంగతులు. ఐకాన్‌కి ఫిర్యాదు పంపాను, స్క్రీన్‌షాట్, బ్యాంకు మెసేజ్ రెండూ జతచేశాను. కొత్త ఓనరుకి మెయిల్ రాస్తే ఒక బ్రోకరు 2,400 డాలర్లు అడిగాడు. నాన్నతో చెప్పాను. 'మన పేరు మనం కొనుక్కోవడానికి రెండు లక్షలా' అన్నారు, మళ్లీ మగ్గం గుంటలోకి దిగారు. ఆ రోజు సాయంత్రం దాకా మాట్లాడలేదు. లాపాయింట్ గారూ, యూడీఆర్పీకి కూడా లక్ష పైనే అవుతుంది కాబట్టి ముందు జిల్లా కమిషన్‌లో వేద్దామనుకుంటున్నాం. బిల్లు పుస్తకాలు 2014 నుంచి అన్నీ ఉన్నాయి, అమ్మ ట్రంకు పెట్టెలో దాచింది.

అదే పేరుతో డాట్ ఇన్ దొరికింది. ఈసారి నాన్న పేరు మీద, నాన్న ఫోన్ నంబరుతో, యూపీఐతో అయిదేళ్లకి కట్టాం. గడువు తేదీని నాన్న నూలు లెక్కల పుస్తకం అట్ట లోపల ఎర్ర స్కెచ్ పెన్నుతో రాసుకున్నారు.

పాత ట్యాగులు ఇంకా 1,300 మిగిలాయి. కొత్త క్యూఆర్ స్టిక్కర్లు నిన్ననే గుంటూరు నుంచి వచ్చాయి. అమ్మా, నేనూ, పక్కింటి పిన్నీ కూర్చుని పాత కోడ్ కనపడకుండా ఒక్కొక్కటే అంటిస్తున్నాం. రాత్రికి 400 అయ్యాయి. ఇప్పటికే అమ్మిన చీరల మీద ఉన్నవాటికి ఏం చేయాలో తెలియడం లేదు. ఎవరికైనా ఏదైనా తోస్తే చెప్పండి.

#23 డల్లాస్_బాబాయ్

అమ్మా, మీ కొత్త అడ్రసు నాకు మెసేజ్ పెట్టు. ఇక్కడ మా గ్రూపుల్లో మీ చీరలు కొన్నవాళ్లు ఎవరున్నారో కనుక్కుని, ట్యాగు స్కాన్ చేయొద్దని, కొత్త సైటు ఇదని చెప్పిస్తాను. మా ఆవిడ దగ్గరే మంగళగిరి చీరలు రెండున్నాయి, ట్యాగులు ఇప్పుడే చూస్తున్నాం.